ఒరిజినల్ ఉంచలేదు

జూన్ 9, సోమవారం

కలర్ ల్యాబు వాళ్ళు ఏడాదికొకటి చొప్పున ఇచ్చే ఈ డైరీల్లో ఇన్నాళ్ళూ ఆర్డర్లు తప్ప మరొకటి రాసి ఎరగను. ఫలానావారి పెళ్ళి ఆల్బం, ఫలానావారి తాతగారి గోడ ఫొటో, అంతే. ఈరోజు ఒక ముక్క నాకోసం రాసుకోవాలనిపించింది. నా కూతురు నాతో మాట్లాడింది.

ఇదీ ఒక విశేషమేనా అనకూడదు. పదిహేనేళ్ళ పిల్ల మూడు నెలలుగా "ఊఁ", "ఉహుఁ", "తర్వాత" అనే మూడు మాటలతోనే ఇంట్లో కాలక్షేపం చేస్తుంటే అప్పుడు తెలుస్తుంది. సాయంత్రం స్కూలు నుంచి నేరుగా స్టూడియోలోకి వచ్చి, నా పక్కకి స్టూలు లాక్కుని కూర్చుంది. తన ఫోన్లోంచి ఒక ఫొటో నా కంప్యూటర్‌లోకి పంపింది.

"నాన్నా, దవడ దగ్గర కొంచెం తగ్గించవా? ఫోన్లో చేస్తే వెనకున్న తలుపు కూడా వంకరపోతోంది. చేశానని అందరికీ తెలిసిపోతుంది."

తలుపు తలుపులాగే ఉంచి ముఖం మాత్రం ఎలా తగ్గించాలో చేసి చూపించాను. ముప్పై ఏళ్ళుగా చేస్తున్న పని. పెళ్ళికూతుళ్ళ ముఖాల మీద మొటిమలు, మచ్చలు, రెండో గడ్డాలు, కళ్ళకింద నలుపులు ఎన్ని తుడిచానో లెక్కలేదు. అది తెరవైపు చూసి, "నువ్వు మామూలోడివి కాదు నాన్నా" అంది.

ఎవరేమన్నా మూతి ముడుచుకుంటుందని, బుగ్గలు కూడా అందుకు తగ్గట్టే ఉంటాయని, దానికి బుంగ అని పేరు పెట్టింది నేనే. ఈరోజు బుంగ నవ్వింది. చాలా ఆనందంగా ఉంది.

జూన్ 13, శుక్రవారం

రోజూ వస్తోంది. స్టూడియోకి సరిగ్గా పైన మా ఆవిడ కుట్టుపని గది. మిషను చప్పుడు పొద్దస్తమానం నా నెత్తిమీదే నడుస్తుంది. ఈరోజు ఆ చప్పుడు ఆపి మరీ కిందికి తొంగిచూసింది.

"తండ్రీకూతుళ్ళు ఏం గూడుపుఠాణి చేస్తున్నారు?"

"అది మా వ్యాపార రహస్యం" అన్నాను. బుంగ కిసుక్కున నవ్వింది.

మొన్నటి ఫొటో రెండొందల ముప్పైమందికి నచ్చిందట. పని నాదని ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే కదా పనితనం.

జూన్ 21, శనివారం

మూడు ఫొటోలు. దవడ, మెడ, చేతులు.

నేర్పితే తనే చేసుకుంటుంది. కానీ నేర్పను. నేర్పితే ఇక రాదు.

జూలై 4, శుక్రవారం

బుంగ క్లాసులో ఎవరో పిల్ల, స్కూలు ఆటలపోటీల్లో తీసిన గ్రూపు ఫొటోలోంచి బుంగ ముఖం ఒక్కటీ కత్తిరించి, నేను చేసిన ఫొటో పక్కన అతికించి పెట్టింది. కింద "వీళ్ళిద్దరూ అక్కాచెల్లెళ్ళా?" అని రాసింది. దాని కింద ఇంకెవరో "చెల్లెల్ని అక్క తినేసినట్టుంది" అని. దాని కింద నవ్వే బొమ్మలు. వేలితో తోస్తూ పోయాను, అవి ఎక్కడా అయిపోలేదు.

బుంగ గది గడియ పెట్టుకుంది. మా ఆవిడ తలుపు కొడుతూనే ఉంది.

ఒక మాట రాయాలి. ఇక్కడ కాకపోతే ఇంకెక్కడా చెప్పలేను. ఆ రెండు ముఖాలూ పక్కపక్కన చూసినప్పుడు నాకు మొట్టమొదట వచ్చిన ఆలోచన, ఎంత నీటుగా చేశాను అని.

జూలై 5, శనివారం

ఫోన్ లాగేసుకుని బీరువాలో పెట్టి తాళం వేశాను. అంతా ఈ ఫోన్ వల్లే.

జూలై 9, బుధవారం

మాస్కు పెట్టుకుని స్కూలుకి వెళుతోంది. జలుబు అంటుంది. వచ్చాక "స్కూల్లో తిన్నాను" అంటుంది. స్టూడియోలోకి రావడం లేదు. గాజు తలుపు ముందునుంచే వెళుతుంది, కానీ తల తిప్పదు.

ఆ తలుపు పక్కన షోకేసులో దాని ఫొటోనే ఉంది. నాలుగేళ్ళప్పటిది, నిలువెత్తు ఫ్రేము. వచ్చినవాళ్ళు దాన్ని చూపించి "మా పాపకీ ఇలాగే చెయ్యండి" అంటారు. పదకొండేళ్ళుగా మా స్టూడియోకి అదే బోర్డు.

జూలై 18, శుక్రవారం

అంతా ఫోన్ వల్లే. ఫోన్ బీరువాలో ఉంది. పిల్ల అలాగే ఉంది.

జూలై 26, శనివారం

మధ్యాహ్నం మా ఆవిడ స్కూలు పావడా ఒకటి పట్టుకుని కిందికి వచ్చింది. కస్టమరు వెళ్ళేదాకా ఆగి, దాన్ని నా టేబులు మీద పరిచింది.

"నడుము దగ్గర కొక్కెం జరపడం ఇది రెండోసారి. నెల కూడా కాలేదు."

"పొడుగయ్యే వయసు. ఈ వయసులో పిల్లలు సన్నబడతారు" అన్నాను.

"పొడుగేం కాలేదు. అంచు ఎక్కడుందో అక్కడే ఉంది. కొలిచాను."

"నువ్వు ప్రతిదానికీ గోరంతను కొండంత చేస్తావు."

"నా టేపు మీ కంప్యూటర్ కాదండీ" అంది. "అది చేసేది ఏముంటుంది? ఉన్నది చెబుతుంది."

పావడా మడిచి తీసుకెళ్ళిపోయింది. కాసేపటికి పైన మిషను చప్పుడు మొదలైంది. నాకు కోపం వచ్చింది. ఎవరిమీదో సరిగ్గా తెలియలేదు. ఆ తర్వాత కూర్చుని ఒక కుటుంబం ఫొటోలో ఏడుగురికీ కళ్ళకింద నలుపు తీసేశాను.

ఆగస్టు 3, ఆదివారం

ఈరోజు జరిగింది జరిగినట్టు రాయాలి.

ఆదివారం స్టూడియో మూసే ఉంటుంది. పదకొండు గంటలకి వెనక తలుపు తీసుకుని అది వచ్చింది. నేను లైట్లు తుడుస్తున్నాను. నెల రోజుల తర్వాత తనంతట తాను వచ్చింది కదా అని గుడ్డ అక్కడే పడేసి స్టూలు జరిపాను. కూర్చోలేదు.

"నాన్నా, నా చిన్నప్పటి ఫొటోలు చూపించు. అసలువి."

"అన్నీ అసలువేనమ్మా" అన్నాను.

"కాదు. నువ్వు చెయ్యనివి. ఆ గ్రూపు ఫొటోలో ఉన్నట్టు నేను ఎప్పటినుంచి ఉన్నానో చూసుకోవాలి."

దాని పేరుమీద ఉన్న ఫోల్డరు తెరిచాను. మొదటి పుట్టినరోజు. నాలుగో పుట్టినరోజు. స్కూల్లో చేరిన రోజు. పళ్ళు ఊడిన రోజు, అందులో పన్ను ఉంది, నేనే పెట్టాను. అది ఒక్కొక్కటే జరుపుకుంటూ వెళ్ళింది. ఎడమ కనుబొమ్మ మీద దానికి ఒక మచ్చ ఉంది. రెండేళ్ళప్పుడు దెబ్బ తగిలి నాలుగు కుట్లు పడ్డాయి. ఏ ఫొటోలోనూ మచ్చ లేదు. బుగ్గలు ఏ ఫొటోలోనూ దానివి కావు. నాలుగేళ్ళ పిల్లకి కూడా తగ్గించాను. తగ్గించినట్టు నాకు గుర్తు కూడా లేదు. చెయ్యి దానంతట అదే చేసి ఉంటుంది.

"వీటి ఒరిజినల్స్ ఏవి?"

మా పద్ధతి దానికి తెలియదు. ఏడాది చివర డిస్కు నిండిపోతుంది. ఫైనల్ ఉంచి, ఒరిజినల్ తీసేస్తాం. పెళ్ళివాళ్ళవైనా అంతే, ఇంట్లోవాళ్ళవైనా అంతే. కస్టమరు ఎప్పుడూ ఒరిజినల్ కావాలని వెనక్కి రాడు.

"లేవమ్మా" అన్నాను.

"ఒక్కటీ?"

"ఒక్కటీ లేదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. స్క్రీను మీద ఉన్న నాలుగేళ్ళ పిల్లనే చూస్తూ చాలా మామూలుగా అంది. "వాళ్ళు మొన్న అన్నారు నాన్నా. నువ్వు ఎప్పుడో అన్నావు."

"బుంగా, అలా కాదురా..."

"ఆ పేరుతో పిలవకు."

వెనక తలుపు మెల్లగా వేసుకుని వెళ్ళిపోయింది. గట్టిగా వేసినా బాగుండేది.

కాకిపిల్ల కాకికి ముద్దంటారు. పిల్లకి రంగేసి ముద్దుచేసిన కాకిని మాత్రం నేను ఎక్కడా వినలేదు.

ఆగస్టు 4, సోమవారం

దాని ముఖం నాకు నచ్చకపోవడమేమిటి.

ఆగస్టు 5, మంగళవారం

నచ్చకపోవడమేమిటి. కన్నతండ్రిని.

ఆగస్టు 6, బుధవారం

షోకేసులోంచి పెద్ద ఫ్రేము తీసేశాను. అద్దం వెనక గోడకి దాని ఆకారంలో తెల్లటి జాగా మిగిలింది. పొద్దున్న ఒకామె వచ్చి "ఆ పాప ఫొటో ఏదండీ, మా పాపకీ అలాగే కావాలి" అంది. అమ్ముడుపోయిందన్నాను.

ఆగస్టు 12, మంగళవారం

స్కూల్లో ప్రార్థన దగ్గర అమ్మాయి కళ్ళు తిరిగి పడిపోయింది. క్లాసు టీచరే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళి ఫోన్ చేసింది. మేం వెళ్ళేసరికి చేతికి సెలైను ఎక్కుతోంది. ఆ చెయ్యి చూశాను. జూన్‌లో నేను తగ్గించిన చెయ్యికంటే సన్నగా ఉంది.

బట్టలు తేవడానికి మా ఆవిడ ఇంటికి వెళ్ళింది. ఆమె లేనప్పుడు డాక్టరమ్మ వచ్చింది. నెమ్మదిగా మాట్లాడే మనిషి.

"ఎప్పటినుంచి ఇలా ఉంది? అడిగితే, నేను ముందునుంచీ సన్నమే అంటోంది. మీ దగ్గర పాత ఫొటో ఏదైనా ఉందా? ఆర్నెల్ల కిందటిది."

ఫొటోలవాడిని ఫొటో అడిగితే లేదనను కదా. ఫోన్ తీసి జనవరిలో పుట్టినరోజు నాడు తీసింది చూపించాను. చూపించాక గుర్తొచ్చింది, దాన్ని కూడా చేశాను.

డాక్టరమ్మ పెద్దది చేసి చూసింది. "అవును, ఇందులోనూ సన్నగానే ఉంది. ఒంటితీరే అంతేమో. రక్తం తక్కువగా ఉంది, బలానికి మందులు రాస్తాను. ఎల్లుండి ఇంటికి పంపించేస్తాం."

మంచం మీదనుంచి అమ్మాయి నావైపే చూస్తోంది. రెప్ప వేయడం లేదు. ఆ చూపు నాకు తెలుసు. దవడ తగ్గించవా నాన్నా అన్నప్పటి చూపు.

నేను నోరు తెరవలేదు. డాక్టరమ్మ ఫోన్ నా చేతిలో పెట్టి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయింది.

పెద్ద డాక్టరు. ఆవిడకి తెలియదా ఏమిటి, ఏది ఎంతో. మందులు రాస్తోంది కదా.

ఆగస్టు 13, బుధవారం

పొద్దున్న మా ఆవిడ టీ తాగడానికి కిందికి వెళ్ళినప్పుడు అమ్మాయి సెలైను లేని చెయ్యి చాచి నా వేళ్ళు పట్టుకుంది.

"థాంక్స్ నాన్నా" అంది.

ఎన్నాళ్ళకి నా చెయ్యి పట్టుకుంది! జూన్ నుంచి నేను కోరుకున్నది అదే. వేళ్ళు చల్లగా ఉన్నాయి. పక్కన పళ్ళెంలో పొద్దున ఇచ్చిన టిఫిను పెట్టింది పెట్టినట్టే ఉంది. దానిమీద మూత కూడా తీయలేదు.

ఆ వేళ్ళు పట్టుకుని కూర్చున్నప్పుడు అర్థమైంది. ఇంటికి వస్తుంది. స్కూల్లో తిన్నానంటుంది. నేను నమ్ముతాను. మళ్ళీ పడిపోతుంది. ఈసారి టీచరు పక్కన ఉండకపోవచ్చు. అందుకే నాకు థాంక్స్ చెబుతోంది.

ఇంటికి వచ్చి మెట్లెక్కి కుట్టుగదిలోకి వెళ్ళాను. కావలసింది దొరకలేదు. మధ్యాహ్నం వంట చెయ్యడానికి మా ఆవిడ వచ్చేదాకా మిషను ముందు కూర్చున్నాను. ఆమె వచ్చి "ఇక్కడేం చేస్తున్నారు?" అంది.

"దాని కొలతల పుస్తకం ఎక్కడుంది?"

"ఎందుకు?"

చెప్పాను. జూన్ నుంచి చెప్పాను, ఆ తర్వాత పదకొండేళ్ళ వెనకనుంచి చెప్పాను, చివర నిన్న చూపించిన ఫొటో సంగతి చెప్పాను. తిడుతుందనుకున్నాను. నిలబడే విన్నది. విన్నాక అల్మరా పైఅరలో చేయిపెట్టి, అట్ట ఊడిపోయిన ఒక పుస్తకం తీసింది.

ప్రతి ఏడూ స్కూలు తెరిచే ముందు యూనిఫాం కోసం తీసిన కొలతలు. పెన్సిలుతో రాసినవి. ఛాతీ, నడుము, భుజం, చేతి చుట్టూ. ఐదేళ్ళ వయసునుంచి మొన్న జూన్ దాకా. ఆ కింద జూలై. ఆ కింద ఆగస్టు, అక్కడ పెన్సిలు గట్టిగా నొక్కి రాసింది, కాగితం చిరిగింది. కొన్నిచోట్ల పక్కన చిన్నగా ఏవో రాసుకుంది. "బుగ్గలు నాన్న పోలిక." "కదలకుండా నిలబడదు." "ఈ ఏడు నడుం దగ్గర కితకితలు."

నా కూతురు అసలు ఎలా ఉండేదో ఇంట్లో ఒక్కచోటే ఉంది. నేను ఎన్నడూ తెరవని పుస్తకంలో.

"డాక్టరమ్మ ఉందో లేదో. పదండి" అంది మా ఆవిడ. దారిలో ఒక్కమాటే అంది. "అద్దంలో చూసుకోండి, మీ బుగ్గలు ఎలా ఉంటాయో."

డాక్టరమ్మకి అమ్మాయి ఎదుటే చెప్పాను. చాటుగా చెప్పి తప్పించుకోవచ్చు, కానీ మళ్ళీ ఇంకో గూడుపుఠాణి అవుతుంది. "నిన్న చూపించిన ఫొటో అబద్ధమండి. నేను చేసింది. నిజం ఇందులో ఉంది."

ఆవిడ కూర్చుని పేజీ పేజీ చూసింది. ఆగస్టు దగ్గర కళ్ళజోడు తీసింది. ఇంటికి పంపించనంది. మనసుకి వైద్యం చేసే డాక్టరుని కూడా పిలిపిస్తానంది. "ఇది నిన్న చెప్పి ఉంటే" అని, కేసు షీటులో రాయడం మొదలుపెట్టింది.

అమ్మాయి గోడవైపు తిరిగి పడుకుంది. "నువ్వు కూడా" అంది. అంతే.

ఆగస్టు 20, బుధవారం

మాట్లాడటం లేదు. వాళ్ళ అమ్మతో కొంచెం.

ఆగస్టు 29, శుక్రవారం

ఇంటికి తెచ్చాం. వారానికి రెండుసార్లు మనసు డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. ఆయన నన్ను కూడా కూర్చోబెడతాడు. ఎక్కువ మాట్లాడడు. నన్నే మాట్లాడనిస్తాడు, అదే కష్టం.

ఫోన్ బీరువాలోంచి తీసి ఇచ్చేశాను. అంతా దానివల్లే అని ఈ డైరీలో రెండుసార్లు రాశాను. కొట్టేయను. ఉండనీ.

సెప్టెంబరు 8, సోమవారం

ఒక పెళ్ళికూతురు వచ్చింది. ముక్కు కొంచెం సన్నం చెయ్యమంది. చేశాను. ఆమె వెళ్ళాక చాలాసేపు చేతులు కడుక్కున్నాను. పని మానేయలేను, ఇంకో పని రాదు. మచ్చ ఒకటి కనిపిస్తే ఉంచనా తీయనా అని ఇప్పుడు అడుగుతున్నాను. అందరూ తీసేయమనే అంటున్నారు. ఒక ముసలాయన మాత్రం "అదెందుకు తీస్తావయ్యా, మా ఆవిడ నన్ను గుర్తుపట్టేది దాన్ని చూసే" అన్నాడు.

సెప్టెంబరు 20, శనివారం

సాయంత్రం అమ్మాయి స్టూడియోలోకి వచ్చింది. గాజు తలుపు లోంచి, కస్టమర్లు వచ్చినట్టు. మాస్కు ఉంది.

"హాల్ టికెట్‌కి ఫొటో కావాలి. స్కూల్లో అడిగారు."

ఇంకో స్టూడియోకి వెళ్ళవచ్చు. వీధి చివర ఉంది. ఇక్కడికే వచ్చింది. నేను "కూర్చో" అన్నాను.

మాస్కు తీసి నీలం తెర ముందు స్టూలు మీద కూర్చుంది. లైట్లు వేశాను. "గడ్డం కొంచెం కిందికి" అనబోయాను. గడ్డం దించితే బుగ్గలు సన్నగా పడతాయి, అందరికీ చెప్పే మాట. మింగేసి "నీకెలా కుదిరితే అలా కూర్చో" అన్నాను. ఒక్కటే తీశాను.

స్క్రీను మీదికి వచ్చింది. ఎడమ కనుబొమ్మ మీద మచ్చ. దవడ ఎముకలు. కళ్ళకింద గుంటలు. బుగ్గలు లేవు. ముప్పై ఏళ్ళ పనిలో ఇంత బాధగా ఏ ముఖాన్నీ చూడలేదు. అది నా వెనక నిలబడి చూస్తోంది. ఊపిరి వినపడుతోంది.

"నాన్నా" అంది. నెల రోజుల తర్వాత ఆ పిలుపు. "బుగ్గలు కొంచెం నింపవా? అమ్మ చూస్తే ఏడుస్తుంది."

మౌసు మీదనుంచి చెయ్యి తీసేశాను.

"నింపడం నాకు రాదమ్మా."

"అబద్ధం."

"నిజం. అందరూ తగ్గించమనే అడిగారు. నింపమని ఎవరూ అడగలేదు. నేర్చుకోలేదు."

వేలు చాపి స్క్రీను మీద మచ్చని ముట్టుకుంది. "దీన్ని ఎందుకు తీసేసేవాడివి?"

ఇది ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడకి కూడా. ఈరోజు చెప్పాను. "అప్పుడు నీకు రెండేళ్ళు. అమ్మ బయటికి వెళుతూ నిన్ను చూడమంది. నేను ఒక పెళ్ళికూతురి ఫొటో చేస్తూ కూర్చున్నాను. నువ్వు అమ్మ మిషను ఎక్కావు. నువ్వు పడిన చప్పుడు విన్నాకే తల ఎత్తాను. ఆ మచ్చ చూసినప్పుడల్లా నాకు ఆ చప్పుడు వినిపిస్తుంది."

విన్నది. తల ఊపింది. నా భుజం మీద చెయ్యి వేస్తుందేమో అనిపించింది.

"మరి బుగ్గలు?" అంది.

జవాబు కోసం వెతికాను. ఎదురు చూసింది. ఎంతో ఓపిగ్గా ఎదురు చూసింది.

"సరేలే, ప్రింటు తియ్యి" అంది.

ముట్టుకోకుండా ప్రింటు తీశాను. ఎనిమిది కాపీలు. ఒరిజినల్ ఉంచాను. ఒక కాపీ కత్తిరించుకుని, అమ్మకి చూపించడానికి తనే మెట్లెక్కింది. నేను కిందనే నిలబడ్డాను. పైన మిషను చప్పుడు ఆగిపోయింది.

అమ్మాయి బయటికి వచ్చి మెట్ల మధ్యలో నిలబడింది, మిషను మళ్ళీ మొదలైతే కిందికి దిగుదామని. నేనూ వింటూ నిలబడ్డాను.

చాలాసేపు మొదలవలేదు.